పెంచలమ్మ కట్టిన తాటిమట్ట చెప్పులు

ఎప్పుడంటే చెప్పలేను గానీ, ఏరు ఏడాది పొడుగునా పారే రోజుల మాట. ఆ ఏటి ఒడ్డున తమలపాకు తోటలుండేవి. ఆ తోటల్లో కూలి చేసుకుని బతికే పెంచలమ్మ అనే ముసలమ్మ ఉండేది. ఆమెకో కోడలు, పేరు కొండమ్మ. అత్త నోరు పెద్దది, కోడలి నవ్వు పెద్దది. ఇద్దరికీ భలేగా కుదిరింది.

ఆకుతోటంటే ఆకుతల్లి గుడితో సమానం. చెప్పులతో అడుగు పెట్టకూడదు. అందరూ వట్టి కాళ్ళతోనే ఆ తడిమట్టిలో దిగేవాళ్ళు. అవసరమొస్తే తోట గట్టు పక్కనే చెంబు పట్టుకుని కూర్చునేవాళ్ళు. వానలు పడితే కాలివేళ్ళ సందుల్లో ఒకటే దురద. ఆ తర్వాత మొహాలు తెల్లబడేవి, ఆయాసమొచ్చేది, మట్టి తినబుద్ధేసేది. “ఆకుతల్లి నెత్తురు తాగుతాంది” అనుకుని ఊరుకునేవాళ్ళు.

కొండమ్మ నీళ్ళోసుకుంది. అత్త సంబరం ఇంతా అంతా కాదు. అంతలోనే కోడలి మొహం తెల్లబడింది. పెంచలమ్మ ఆమె కంటిరెప్ప కిందికి లాగి చూసింది. ఎరుపు లేదు. ఒంట్లో నెత్తురు లేని పిల్ల పురుడెట్లా పోసుకుంటుందని ముసలమ్మకు నిద్ర పట్టలేదు.

ముందు ఆకుతల్లికి కోడిని కోసింది. మొహం తెల్లగానే ఉంది. తర్వాత తాయెత్తు కట్టించింది. మొహం తెల్లగానే ఉంది. మూడోసారి నాటువైద్యుడి దగ్గరికి తీసుకుపోయింది. ఆయన మందుకు కడుపులో పురుగులు పడిపోయి, మొహానికి రంగొచ్చింది. కొండమ్మ మళ్ళీ తోటలో దిగింది. మళ్ళీ తెల్లబడింది.

తోటమేస్త్రి ఓబన్నకు వేళాకోళం ఎక్కువ.

“అందరం పాలిపోతాంటే నువ్వొక్కదానివే నిగనిగలాడతాండావు. మా నెత్తురంతా నువ్వే తాగుతాండావా ఏంది, పెద్దమ్మా?”

అందరూ నవ్వారు. పెంచలమ్మ నవ్వలేదు.

“మీరు తినే సంకటే నేనూ తింటాండా. మీరు తాగే నీళ్ళే తాగుతాండా. మీరు చేసే పనే చేస్తాండా...” అంటూ కిందికి చూసుకుంది. పగుళ్ళ బాధ పడలేక ఆమె ఏనాటి నుంచో అరికాళ్ళకు తాటిమట్ట పెట్టి పాతగుడ్డ చుట్టుకునేది. ఆ కాళ్ళకు దురదన్నది ఎప్పుడూ రాలేదు.

“పురుగు ఈ మట్టిలోంచి, కాళ్ళలోంచి ఎక్కుతాందిరా!” అని అరిచింది.

మర్నాడు తాటిమట్ట కోసి, నారతో పట్టీలల్లి, కోడల్ని తోట వాకిట్లో నిలబెట్టింది. ఓబన్న అడ్డం వచ్చాడు.

“పుండుకు కట్టంటే సరే. బాగున్న కాలికి కడితే అది చెప్పే. తల్లికి కోపమొస్తుంది.”

“తాటిచెట్టూ ఆ తల్లి బిడ్డే గదా, నాయనా. కోపమొస్తే నా మీదికి రమ్మను. ఆమెతో నాక్కూడా మాట్లాడే పనుంది.”

అని కింద చతికిలబడి కోడలి పాదం పట్టుకుంది. కొండమ్మ కాలు వెనక్కి లాక్కుంది.

“అయ్యో అత్తా! నువ్వు నా కాళ్ళు పట్టుకుంటే నా కళ్ళు పోతాయి!”

“పోతే పోనీలే, ముందు కాలు చాపు.”

మళ్ళీ వైద్యుడి మందు మింగించింది. మునగాకు, రాగిసంకటి దగ్గరుండి తినిపించింది. కడుపులో పురుగు మట్టిలో పడేది అక్కడేనని, గట్టు పక్కన కూర్చునేవాళ్ళను కర్ర పుచ్చుకుని తరిమింది. ముసలమ్మ వస్తోందంటే చాలు, చెంబులు పట్టుకుని దూరంగా ఆమె తవ్వించిన గుంతల దగ్గరికి పరుగో పరుగు! ఈసారి కొండమ్మ మొహానికొచ్చిన రంగు పోలేదు. పండంటి ఆడపిల్లను కనింది, తల్లీ బిడ్డా క్షేమంగా ఉన్నారు. ఓబన్న తలగోక్కుంటూ వచ్చి, “పెద్దమ్మా, నా కాళ్ళక్కూడా కొలత తీసుకో” అన్నాడు.

పెంచలమ్మ నిండుగా బతికి పోయింది. ఆమెకు ఎవరూ గుడి కట్టలేదు. కానీ ఆ ఏటి ఒడ్డు ఊళ్ళలో ఇప్పటికీ కోడలు నీళ్ళోసుకుంటే, గాజుల కంటే ముందు తాటిమట్ట చెప్పులు తొడగాలి. అత్తే తొడగాలి, నేల మీద కూర్చుని తొడగాలి. ఎంత గయ్యాళి అత్తకైనా తప్పదు. కోడళ్ళు ఆ రోజు కోసమే కాచుకునుండి కాళ్ళు బార్లా చాపుతారు, ఇరుగుపొరుగంతా పడీపడీ నవ్వుతుంది. చివరికి అత్త లేచి, కోడలి కంటిరెప్ప కిందికి లాగి చూసి, అందరికీ వినబడేలా చెబుతుంది: “ఎర్రగా ఉంది. పెంచలమ్మ ఇంకా మనింట్లోనే ఉంది.”