దువ్వెనల మల్లాచారి, గుమ్మం మీది గోరువంక

అనగనగా చిత్రవరం అనే ఊళ్ళో ఒక రాజుగారు ఏడు వందల కొట్లతో బజారు కట్టించాడు. కట్టించాడు గానీ, ఉప్పు కోసం లోపలికి వెళ్ళినవాళ్ళు వెతికి వెతికి, చెప్పులు అరగదీసుకుని ఉత్త చేతులతో బయటపడేవారు. అందుకని బజారు గుమ్మం మీద మాటలు నేర్చిన ఒక గోరువంకను కూర్చోబెట్టాడు.

ఆ గోరువంక పద్ధతే వేరు. ప్రతి కొట్టువాడూ శుక్రవారం పొద్దున వచ్చి, తన కొట్టు గురించి ఆ వారానికి కొన్ని మాటలు దానికి చెప్పి వెళ్ళాలి. కొనేవాడు వచ్చి ఏం కావాలో అడిగితే, ఆ మాట ఇచ్చింది ఎవరో గుర్తు చేసుకుని దారి చెబుతుంది. దానికి అర్థాలు తెలియవు, మాటలే తెలుసు.

పదహారో వీధి చివర మల్లాచారి దువ్వెనల కొట్టు ఉండేది. వేపచెక్కతో అతను చేసిన సన్నపళ్ళ దువ్వెన తలలో పెడితే పేలే కాదు, వాటి గుడ్లు కూడా ఊడి వచ్చేవి. అంతటి పనివాడు. అయినా కొట్టు తెరిచి నెల దాటినా ఒక్కరూ గడప తొక్కలేదు. ఒక్క బేరమైనా జరగని కొట్టును రెండో పౌర్ణమి సాయంత్రం ఖాళీ చేయించాలని రాజాజ్ఞ. ఇక మూడు శుక్రవారాలే మిగిలాయి. కొట్టు పోతే రంపం భుజాన వేసుకుని మళ్ళీ ఊరూరా తిరగాలి. ఆ తలపుకే మల్లాచారికి ముద్ద దిగడం లేదు.

పక్క కొట్టు అత్తరు సెట్టి జాలిపడ్డాడు. "నువ్వు 'దువ్వెన' అని ఒక్క ముక్క చెప్పి వచ్చావుటగా ఆచారీ! ఆ మాట ఇచ్చినవాళ్ళు ఇంకో పన్నెండు మంది ఉన్నారు. కాస్త గొప్పగా చెప్పుకోవయ్యా!"

మొదటి శుక్రవారం మల్లాచారి గొంతు సవరించుకుని గోరువంకతో అన్నాడు. "సకల కేశ సౌందర్య సంవర్ధక దివ్య దారు సాధనం!"

వారమంతా కొట్లో ఈగలు తోలుకున్నాడు. వెళ్ళి అడిగితే గోరువంక తల పక్కకి వాల్చింది. "నీ మాట భద్రంగానే ఉంది నాయనా. అది అడిగేవాడే ఇంకా పుట్టలేదు."

సెట్టి ఈసారి ఇంకో ఉపాయం చెప్పాడు. రెండో శుక్రవారం మల్లాచారి నోటికొచ్చినవన్నీ ఏకరువు పెట్టాడు. బెల్లం, గాజులు, గుర్రపు నాడాలు, దగ్గుమందు, దోసగింజలు!

జనం వచ్చారు. తోసుకుంటూ వచ్చారు. మోకాళ్ళు పట్టుకుని పదహారు వీధులు నడిచి వచ్చిన ముసలమ్మ కొట్టంతా కలయజూసి, "బెల్లం ఏదిరా?" అంది.

"బెల్లం లేదు అవ్వా. మంచి దువ్వెన ఉంది."

"పానకంలో కలుపుకోనా దాన్ని? నీ అబద్ధం తగలెయ్య!"

వచ్చినవాళ్ళంతా తిట్టుకుంటూ గుమ్మం దగ్గరికి వెళ్ళి గోరువంకకు మొరపెట్టుకున్నారు. అది కబురు పంపింది: "తిట్లు తెచ్చిన కొట్టు పేరు ఇకమీదట అందరికన్నా ఆఖర్న చెబుతాను."

మల్లాచారికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ముసలమ్మ మోకాళ్ళే కళ్ళ ముందు మెదిలాయి. కానీ ఆ సిగ్గులోనే ఒక సందేహం పుట్టింది. ఇంతకీ ఈ జనం గుమ్మం దగ్గర ఏమని అడుగుతారు? నెల రోజులుగా తను చెప్పడమే గానీ, ఒక్కనాడూ వినలేదు కదా!

కొట్టుకు తడిక అడ్డం పెట్టి, వెళ్ళి గుమ్మం పక్కన చతికిలబడ్డాడు. మూడు రోజులు చెవులు రిక్కించి విన్నాడు. ఎంత వింతగా అడుగుతారనీ జనం!

ఒక తల్లి అటూ ఇటూ చూసి గుసగుసగా అడిగింది. "మా పిల్లకి ఒకటే తల దురద. నిద్రపోదు." గోరువంకకు 'నిద్ర' ఒక్కటే తెలుసు. పరుపుల కొట్టుకు దారి చెప్పింది. ఒక కొత్త పెళ్ళికూతురు, "జుట్టు చిక్కు పడిపోయింది, ఎలా విడుతుంది?" అంది. తలపాగా కిందికి లాక్కుంటూ ఒకాయన, "జుట్టు ఊడిపోతోంది" అన్నాడు. అలాంటి తలపాగాలు చాలానే వచ్చాయి.

మల్లాచారి ఆశ్చర్యపోయాడు. తన దువ్వెన కావలసినవాళ్ళు ఇందరున్నారు. వాళ్ళలో ఒక్కరూ దువ్వెన అనలేదు!

మూడో శుక్రవారం వచ్చింది. మర్నాడే పౌర్ణమి. మల్లాచారి గోరువంక ముందు నిలబడ్డాడు.

"పిల్లల తల దురద. పేలు. చిక్కు పడిన జుట్టు."

"జుట్టు ఊడిపోవడం?" అని అడిగింది గోరువంక. "రోజూ అందరికన్నా ఎక్కువమంది అడిగేది అదే."

ఆ మాట మల్లాచారి నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాటతో కొట్టు నిండిపోతుంది. కానీ తల అడ్డంగా ఊపాడు. "వద్దు. దానికి నా దగ్గర ఏమీ లేదు."

"నీ పేరు ఆఖర్న చెప్పాలి, గుర్తుందా?"

"గుర్తుంది," అని నిట్టూర్చాడు మల్లాచారి.

గోరువంక రెక్కలు విదిల్చింది. "మరేం ఫర్వాలేదులే. ఈ మాటలు ఇచ్చింది నువ్వొక్కడివే. ఆఖరైనా మొదలైనా నువ్వే."

మర్నాడు సాయంత్రం కొత్వాలు తాళం పట్టుకుని పదహారో వీధికి వచ్చాడు. కొట్టు ముందు కాలు పెట్టే చోటు లేదు. ఒక నాయనమ్మ ముగ్గురు మనవరాళ్ళను వరసగా కూర్చోబెట్టుకుని కొత్త దువ్వెనతో తలలు దువ్వుతోంది. వెనక ఇంకా పదిమంది తల్లులు.

"ఈ కొట్టు ఖాళీ చేయించాలని వచ్చాను," అన్నాడు కొత్వాలు బింకంగా.

నాయనమ్మ తలెత్తకుండానే అంది. "ముందు ఈ తలలు ఖాళీ కానియ్యి బాబూ. ఆ తర్వాత వద్దువుగాని."

అందరూ నవ్వారు. కొత్వాలు కాసేపు తటపటాయించి, తలపాగాలో వేలు పెట్టి గోక్కుని, తాళం నడుముకు దోపుకుని తనూ వరసలో నిలబడ్డాడు.

కాబట్టి పిల్లలూ, సరుకు మనదే అయినా దాని పేరు కొనేవాడి నోట విని తెలుసుకోవాలి. మన దగ్గర లేని సరుకు పేరు మాత్రం ఎంత ఆశపెట్టినా మన నోట రాకూడదు.