లచ్చవ్వ నాలుగు చుక్కలు

అనగా అనగా, రాజుగారి మాటను మేకలు కూడా నమ్మే రోజుల్లో, గుట్ట మీద ఒక కోట ఉండేది. ఆ కోటలో ఒక పశువైద్య గ్రంథం ఉండేది. దాన్ని ఎవరైనా ఉచితంగా రాసుకుపోవచ్చు. తప్పు కనబడితే ఎవరైనా వచ్చి దిద్దవచ్చు. గ్రంథశాల తలుపుకు గడియే పెట్టించలేదని రాజుగారు అందరితో గొప్పగా చెప్పుకునేవారు.

గుట్ట కింద లచ్చవ్వ మేకలు కాచుకునేది. కడుపులో నట్టపురుగులు పోవడానికి, ఊళ్ళోవాళ్ళు గ్రంథం చదివి చెప్పినట్టే పాలు తాగే మేకపిల్లలకు గిద్దెడు మందు పోసింది. రెండు పిల్లలు ఆమె ఒళ్ళోనే ప్రాణం విడిచాయి. ఆ కొలత పెద్ద మేకలది. మిగతావాటికి తగ్గించి పోసి, సరైన కొలత తనే కనుక్కుంది. కానీ వానలు మొదలైతే ఊరూరా ఆ గ్రంథం చూసే మందు పోస్తారు. ఇంకా ఎన్ని పిల్లలు పోతాయోనని లచ్చవ్వ ఆ తప్పు చెప్పడానికి కోటకు బయలుదేరింది.

మొదటిసారి, మేకలను దొడ్డికి తోలి కోట చేరేసరికి పొద్దు గుంకింది. దిద్దుబాట్లు వినే పండితుల సభ మధ్యాహ్నమేనన్నారు.

రెండోసారి, ఆ పూట పాలన్నీ పొరుగావిడకిచ్చి, మందను అప్పగించి వెళ్ళింది. సభ భాషలో తాటాకు మీద రాసి తెమ్మన్నారు. లచ్చవ్వకు రాత రాదు. ఆ రోజు ఇంట్లో గంజే.

మూడోసారి మాట్లాడనిచ్చారు. పెద్దల ముఖం మీద తప్పు అనడం ఆమె పెరిగిన ఇంట లేదు. తల వంచుకుని, "తమరు పెద్దలు. మా మేకలకే బలం లేదేమో అయ్యా, ఆ మందుకు ఆగలే" అంది. ఆమెకే నిశ్చయంగా తెలియదని పండితులు పంపేశారు. తెలివంతా గ్రంథాల్లోనే దాచుకుంటే చెవులకు ఏం మిగులుతుంది చెప్పండి?

గ్రంథపాలకుడు వేదాంగయ్యకు మాత్రం మనసు ఒప్పలేదు. నిశ్చయం లేని మనిషి మూడుసార్లు గుట్ట ఎక్కుతుందా? మర్నాడు ఘంటం, తాటాకులు పట్టుకుని ఆయనే గుట్ట దిగాడు.

తప్పేమిటని ఆయన అడగలేదు. గడ్డిలో ఆమె పక్కన కూర్చున్నాడు.

"నీ పిల్లలకు నువ్వెంత పోస్తావమ్మా?"

"పాలు తాగేదానికి నాలుగు చుక్కలు. గడ్డి మేసేదానికి అరగిద్ద. అంతకు మించితే బతకదు అయ్యా" అంది, తడుముకోకుండా.

ఆయన ఆమె మాటలనే రాసుకున్నాడు. ఒక మేక తాటాకు అంచు కొరికినా కసరలేదు. చనిపోయిన పిల్లల పేర్లు అడిగాడు. బొల్లి, మల్లి అని చెప్పి లచ్చవ్వ ఏడ్చింది. ఆయన ఘంటం పక్కన పెట్టి, ఆమె ఏడుపు తీరేదాకా కూర్చున్నాడు.

సంగతి విని రాజుగారు సిగ్గుపడ్డారు. అప్పటినుంచి వారానికోసారి గ్రంథమే మందల దగ్గరికి వెళ్ళేది. దిద్దుబాటు చెప్పినవారి ఇంటికి ఆ పూట గింజలు కోటనుంచే వచ్చేవి. ఆ వానల్లో మందు వికటించి ఒక్క పిల్లా చావలేదు. గ్రంథంలో ఆ కొలత కింద లచ్చవ్వ పేరుంది, పక్కన బొల్లి, మల్లి పేర్లున్నాయి.

కాబట్టి పిల్లలూ, తలుపు తెరిచిపెడితే చాలదు. రాలేనివాళ్ళ దగ్గరికి మనమే నడిచి వెళ్ళి, వాళ్ళ మాటను వాళ్ళ మాటలోనే వినాలి.