ఈకలు పీకిందెవరు?

“నేను పీకలేదురో! పీకుంటే నా చేతులు పడిపోవాల!”

కోటవీధి చివర్నుంచి వినబడింది ఆ కేక. పెట్టింది ఎర్రెమ్మ, రాజుగారి కోళ్ళను చూసుకునే మనిషి. ఇద్దరు భటులు ఆమెను రెక్క పట్టి లాక్కుపోతున్నారు. పొద్దుగూకేలోగా రాజ్యం పొలిమేర దాటించాలని ఆజ్ఞ.

పూర్వం గుమ్మలూరు అనే రాజ్యం ఒకటుండేదిలెండి. దాన్నేలే ప్రచండకేతుడికి కోళ్ళంటే మహా మోజు. వాటికి చలవరాతి శాల కట్టించాడు. గడ్డిపరక పడకూడదు, మట్టి అంటకూడదు. మేత వెండిగిన్నెలో! శాల అద్దంలా ఉండేదనుకోండి. నెల తిరక్కుండా కోళ్ళన్నీ బోడి వీపులతో తిరగసాగాయి.

“ఎర్రెమ్మే ఈకలు పీకి అమ్ముకుంటోంది ప్రభూ” అన్నాడు మంత్రి. రాజు నమ్మేశాడు.

ఆస్థానంలో విస్సన్న అని ఒక మాటకారి. సంగతి వినగానే అతనికి ఒళ్ళు మండిపోయింది. భటుల్ని కోటగుమ్మం దగ్గరే ఆపి, తిన్నగా సభలోకి వెళ్ళాడు.

“సాక్షిని విచారించకుండానే శిక్షా?”

“ఎవడా సాక్షి?” గర్జించాడు రాజు.

“చూపిస్తాను. తమరూ, మంత్రిగారూ, సేనాపతిగారూ కొత్త ఖజానా గదిలో కూర్చోండి. నేను వచ్చేదాకా తలుపు తీయకూడదు.”

సరేనన్నాడు రాజు. గదిలో ఏముంది? నున్నటి గోడలు, నున్నటి నేల. తివాచీ లేదు, దిండు లేదు, తాంబూలం పెట్టె లేదు. వేళకు తలుపు కింది సందులోంచి వెండిపళ్ళెంలో ఫలహారం మాత్రం వచ్చింది.

ఒక జాము ఎలాగో గడిచింది. రెండో జాములో సేనాపతి ఊరికే మంత్రి శాలువా పోగు లాగాడు. మంత్రి అతని కాలు తొక్కాడు. “కుదురుగా కూర్చోలేవుటయ్యా?” అని అరిచిన రాజే, ఏమీ తోచక, మంత్రి మీసంలో తెల్లవెంట్రుకను లటుక్కున పీకేశాడు. ఇంకేముంది, ముగ్గురూ కలియబడ్డారు, మంత్రి మీసం సగం ఊడింది!

అప్పుడు తలుపు తీశాడు విస్సన్న.

“సాక్షులు ముగ్గురూ దొరికారు. ప్రభూ, ఆ మీసం పీకింది ఎర్రెమ్మేనా?”

“ఏం కూశావ్?”

“కడుపు నిండినా తోచక మీరే పీక్కున్నారు. కోడన్నాక కాలితో గీరాలి, దుమ్ములో పొర్లాలి, కర్రెక్కి కునుకు తీయాలి. మీ రాతినేల మీద దానికి పొడవడానికి మిగిలింది పక్కదాని ఈకే! గడ్డీ మట్టీ వేయించమని ఎర్రెమ్మ ఎన్నిసార్లు మొత్తుకుంది? ఒక్కరైనా విన్నారా?”

“అబద్ధమైతే నీ తల ఉండదు!” అన్నాడు రాజు.

వెంటనే శాలలో గడ్డి పరిపించారు. ఓ మూల బూడిద కలిపిన మట్టి పోశారు, వెదురుకర్రలు కట్టారు, తోటకూర కట్టలు వేలాడదీశారు. కోళ్ళు ఎగబడ్డాయి! గీరేది గీరింది, పొర్లేది పొర్లింది. ఎంతసేపు చూసినా ఒక్కటీ పక్కదాని జోలికి పోలేదు. రాజు మంత్రి సగం మీసం వంక చూశాడు. ఒక్కసారిగా పకపకా నవ్వి, తన కంకణం తీసి విస్సన్నకు తొడగబోయాడు.

విస్సన్న చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. “అది ఎర్రెమ్మకివ్వండి. పొద్దున్నుంచి ఆవిడ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.”

రాజు నవ్వు ఆగిపోయింది. తానే వెళ్ళి ఎర్రెమ్మను పిలుచుకొచ్చి కంకణం తొడిగాడు. శాల ముందే విస్తళ్ళు వేయించాడు. అందరూ బాసింపట్లు వేసుక్కూర్చున్నారు. ఎర్రెమ్మ మాత్రం నడుం మీద చెయ్యేసుకుని నిలబడే ఉంది.

“కాస్త అటు జరుగు మారాజా!” అంది, కోపం దిగకుండానే.

రాజు జరిగాడు. అప్పుడు కూర్చుంది.