వకుళ తీగలూ అన్నల ఎదురు లోపాలూ

పానకాలు, కోటిలింగం, గురవయ్య అన్నదమ్ములు. ఊళ్ళో తెలివంతా తమ ఇంట్లోనే ఉందని వాళ్ళ నమ్మకం. ఆ ఇంట్లో వంట, బట్టలు, పరిశోధన చెల్లెలు వకుళ చేసేది. తెలివి మాత్రం అన్నలు చూసుకునేవాళ్ళు.

కాంతి వేగమనే హద్దు లేని లోకంలో సన్నటి తీగలు ఎలా కంపిస్తాయో వకుళ లెక్క కట్టింది. ఆ పనిమీద ప్రశ్నలడిగే వైవా రోజు రానే వచ్చింది. పరీక్షకులు ఒప్పుకుంటే డాక్టరేటు, లేకపోతే పని మళ్ళీ మొదటికి.

"ఇంతకీ ఏం కనిపెట్టావే?" అన్నాడు పానకాలు.

"ఎటు మార్చి చూసినా లెక్క ఒకేలా ఉండాలి పెద్దన్నయ్యా, అదే సౌష్ఠవం. లోతుకు వెళ్తే ఒక లోపం దాన్ని చెడగొడుతుంది. సరిసమానమైన ఎదురు లోపం కలిస్తే రెండూ రద్దవుతాయి. అప్పుడే సిద్ధాంతం నిలబడుతుంది."

"ఇంతేనా. ఇవాళ ఇంటిపని మాది. నువ్వు చదువుకో."

అంతే. కోటిలింగం ఉప్మాలో గుప్పెడు ఉప్పు ఎక్కువేశాడు. వెంటనే గుప్పెడు పంచదార కలిపాడు. పానకాలు ఇస్త్రీ చేస్తూ వకుళ చీర కొంగు ఎడమ అంచు కాల్చాడు. కుడి అంచూ అంతే కాల్చాడు.

"ఎటు తిప్పి కట్టినా ఒకటే ఇప్పుడు," అన్నాడు.

"మీరు కూర్చోండి అన్నయ్యా. అదే పెద్ద సాయం."

"మొహమాటపడకే."

స్కూటర్ ముందు టైరులో గాలి లేక బండి ముందుకు వాలింది. గురవయ్య వెనక టైరు గాలి కూడా తీసేశాడు. బండి సమంగా నిలబడింది. కదల్లేదు, అంతే.

వేరే చీర కట్టుకుని, ఆకలితో, వకుళ ఆటో ఎక్కింది. అన్నలూ ఎక్కారు.

వైవాలో అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పింది. ముగ్గురు పరీక్షకులూ "ఒప్పుకుంటున్నాం" అన్నారు.

ఇంకేముంది, వెనక వరసలో ముగ్గురన్నలూ లేచి "మేం ఒప్పుకోం" అన్నారు.

"ఎందుకు?" అంది పరీక్షకురాలు.

"మీ ముగ్గురూ అవునంటే గది ఒక పక్కకి ఒరిగిపోయిందండి. సిద్ధాంతం కూలిపోతుందనే భయంతో కాదన్నాం. చెల్లెలి కోసమే," అన్నాడు పానకాలు.

"ఆడపిల్ల చదువుకి అడ్డంపడే అన్నల్ని చాలామందిని చూశాను. ఇంత ప్రేమగా అడ్డంపడేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను," అంటూ ఆవిడ సంతకం పెట్టేసింది.

గదంతా చప్పట్లతో మోగింది. అన్నలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత ఆనందం ఒక్క పక్కనే ఉంటే ఎలా? ముగ్గురూ ఒక్కసారిగా గొల్లుమని ఏడ్చారు.

ఆ ఏడుపు విని వరండాలో పోయేవాళ్ళంతా లోపలికొచ్చి, డాక్టర్ వకుళ భుజం తట్టి, "పోనీలేమ్మా, మళ్ళీ రాద్దువుగాని," అని ఓదార్చి వెళ్ళారు.