బుజ్జెమ్మ కంప్యూటరు, గిజిగాడి గూడు

అనగనగా ఒక అడవిలో ఒక ఉడత, ఆ ఉడత ఇంట్లో ఒక కంప్యూటరు ఉండేవి. నవ్వకండర్రా! నా కథలో ఉడతకి కంప్యూటరుంటే మీకేం నొప్పి?

ఆ ఉడత పేరు బుజ్జెమ్మ. ఉడతలకి దాచుకోవడమే గానీ వదులుకోవడం తెలీదుగా, కంప్యూటర్లోనూ అదే వరస. పొద్దున తెరిచిన పాటలు అలాగే ఉండేవి. వాటి మీద సినిమా. దాని మీద వంటల వీడియోలు. "మళ్ళీ కావాలంటేనో?" అంటూ ఒక్కటీ మూసేది కాదు.

ఒకరోజు గాలివానకి గిజిగాళ్ళ గూళ్ళన్నీ ఊడి పడ్డాయి. గిజిగాడంటే తెలుసుగా, తుమ్మకొమ్మకి గడ్డితో గూడు అల్లి వేలాడదీసే పిట్ట. వాళ్ళలో చంద్రయ్య అనేవాడు ఉడత ఇంటికి ఎగిరొచ్చాడు.

"బుజ్జెమ్మక్కా! గాలికి ఊడని అల్లిక ఒకటి తట్టింది. బొమ్మ గీసి మావాళ్ళకి పంచాలి. రేపు సాయంత్రం మళ్ళీ గాలివానట. మా ఆవిడ మంగ గుడ్లు పెట్టే వేళ!"

"అదెంత భాగ్యం తమ్ముడూ, కూర్చో!" అంది బుజ్జెమ్మ.

చంద్రయ్య గీయడం మొదలెట్టాడు. బొమ్మ సగమయ్యేసరికి తెర మీద ఒక గడి వచ్చింది. 'మెమరీ తక్కువగా ఉంది. మీ పని భద్రం చేసుకుని, అక్కర్లేనివి మూసేయండి' అని ఉంది అందులో.

"దీనికెప్పుడూ ఇదే గోల!" అని బుజ్జెమ్మ ఆ గడిని మాత్రం మూసేసింది.

కాసేపటికి మళ్ళీ వచ్చింది. ఈసారి బుజ్జెమ్మ పాటల్నీ, సినిమానీ, వంటల్నీ తెర అడుక్కి నెట్టేసింది. "కనబడకుండా దాచేశాగా, ఇంకేం బాధ?" అంది. ఏం తెలివో చూడండి!

మూడోసారి వచ్చేసరికి బొమ్మ పూర్తయింది గానీ, బాణం గుర్తు నత్తనడక నడుస్తోంది. పక్కచెట్టు కోతి కోటయ్య గెంతుతూ వచ్చాడు.

"ఇంత ఆలోచనెందుకే! బటన్ నొక్కి ఆపేయ్, మళ్ళీ అదే లేస్తుంది!" అని చెయ్యి చాచాడు.

"వద్దు మావా! నా బొమ్మ గంగలో కలిసిపోతుంది!" అని చంద్రయ్య బావురుమన్నాడు.

బుజ్జెమ్మ ఎగిరి కోతి చెయ్యి పట్టుకుంది.

"ఆగు కోటయ్యా! తప్పు నాదే. తొర్రలో దాచిన గింజలు కనబడకపోయినా చోటు తినవూ? అడుక్కి నెట్టినవీ అంతే. ఇది మొదట్నుంచీ చెబుతూనే ఉంది, నేనే వినలేదు."

ముందు బొమ్మని భద్రం చేసింది. తర్వాత పాటలు మూసింది. వంటలు మూసింది. సినిమా మంచి పట్టులో ఉంది పాపం, అయినా పళ్ళు బిగబట్టి మూసేసింది. అంతే! బాణం చెంగుమని కదిలింది. బొమ్మ కాగితాల మీద చకచకా అచ్చయి వచ్చింది.

"బతికించావక్కా!" అని చంద్రయ్య కాగితాలు ముక్కున కరుచుకుని రివ్వున ఎగిరిపోయాడు.

మర్నాడు గిజిగాళ్ళంతా ఆ బొమ్మ చూసి ఒకటే అల్లడం. సాయంత్రం గాలివాన విరుచుకుపడింది. కొమ్మలు విరిగాయి. గూళ్ళు ఊగాయి, ఊగాయి, ఒక్కటీ ఊడలేదు!

వాన వెలిశాక మంగ గూట్లోంచి తల బయటపెట్టి అరిచింది. "ఏమయ్యోయ్! గుడ్ల మీద ఒక్క చినుకు పడితే ఒట్టు!"

తుమ్మచెట్టంతా కేరింతలే కేరింతలు. కింద బుజ్జెమ్మ తోక పైకెత్తి గంతులేసింది.

నీతి: హెచ్చరికను చెరిపేస్తే ముప్పు పోదు, అది చెప్పిన పని చేస్తేనే పోతుంది.