చోటు దొరకని గమనిక

పరదేశి మాస్టారికి ఒక అలవాటు ఉంది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పరు. పక్కనున్న కుర్చీ జరిపి "కూర్చో" అంటారు. కూర్చోమన్నారంటే ఆ పూటకి పని గోవిందా అని శిష్యులందరికీ తెలుసు. విశాఖపట్నంలో ఓ పాత మేడ మీద ఆయన దగ్గర నలుగురు పనిచేసేవారు. వాళ్ళు చూసుకునేది ఒకే ఒక్క లైబ్రరీ. పుస్తకాలది కాదు, వేరే ప్రోగ్రాములు వాడుకునే కంప్యూటరు సరంజామా. మనిషి రాసిన ప్రోగ్రాము యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మారి ఆబ్జెక్ట్ ఫైలు అవుతుంది. ఆ ఫైలును సర్దిపెట్టుకోవడంలో ఒక్కో రకం కంప్యూటరుది ఒక్కో పద్ధతి. ఒకదానిది ఇంకోదానికి పడదు. ఈ లైబ్రరీ ఏ పద్ధతిలో ఉన్న ఫైలునైనా చదివి, ముందు తన సొంత నమూనాలోకి తెచ్చుకుని, ఆపైన అడిగిన పద్ధతిలో తిరిగి రాసిపెడుతుంది. ఆ నమూనాలో చోటు లేనిది ఏదైనా ఉంటే మధ్యలోనే రాలిపోతుంది.

రాలిపోయే ముందు మాత్రం లైబ్రరీ ఆగి, ఫలానా భాగాన్ని వదిలేస్తున్నాను, సరేనా అని అడుగుతుంది. ఆ అడగడం పెట్టింది మాస్టారే. వాడేవాళ్ళకి అదొక ప్రాణసంకటం. వంద ఫైళ్ళు మార్చేవాడు వందసార్లు సరే అనాలి మరి! తిట్టిపోస్తూ ఉత్తరాలు రాసేవారు. వాటన్నిటికీ మర్యాదగా జవాబులు రాసి రాసి విసిగిపోయిన శిష్యురాలు మృదుల ఒక ఉదయం ఉండబట్టలేక అడిగేసింది.

"మాస్టారూ, పోయేవన్నీ ప్రోగ్రాము నడవడానికి అక్కర్లేనివే కదా. అడగనివాడికి పనిగట్టుకుని చెప్పడం దేనికి? ఆ ప్రశ్న తీసేద్దామా?"

మాస్టారు కుర్చీ జరిపారు. వాదిస్తారేమోనని మృదుల నాలుగు సమాధానాలు సిద్ధం చేసుకునే వచ్చింది పాపం. ఆయన వాదించలేదు. ఎప్పుడూ ఎవరికీ చెప్పని ఒక సంగతి చెప్పారు.

పాతికేళ్ళ కిందటి మాట అది. అప్పట్లో ఆయన రేవు క్రేన్లకి ప్రోగ్రాములు రాసే చిన్న కంపెనీలో పనిచేసేవారు. పక్క బల్ల జగ్గారావుది. మంచి పనివాడు, నెమ్మదస్తుడు. అతనికో పిచ్చి ఉండేది. సాయంత్రం ఇంటికి వెళ్ళే ముందు ఆ రోజు తయారైన ఫైల్లో, గమనికల కోసం విడిగా ఉండే ఒక భాగంలో, రేపు చేయాల్సిన పని ఒక వాక్యం రాసిపెట్టేవాడు. ఆఫీసు పనే కాదు, ఇంటి పనీ అందులోనే. రేపు మూడో మోటారు వేగం తగ్గించాలి, రేపు ఇందుకి చెప్పులు కొనాలి. ఇందు అతని కూతురు. అందరూ నవ్వేవారు. పరదేశి అయితే మరీను. "రేపు ఉంటామో ఊడతామో, ఎందుకయ్యా నీకీ రాతలు?" అని ఏడిపించేవారు. జగ్గారావు నవ్వేసి ఊరుకునేవాడు.

ఒక ఆషాఢంలో, పని ముగించుకుని ఇంటికి బయల్దేరిన జగ్గారావు రైల్వే గేటు దగ్గర బండి కింద పడి చనిపోయాడు. వాన పడుతోంది, కాలు జారిందన్నారు కొందరు. వారం కిందటే పైవాళ్ళతో గొడవైంది, కావాలనే పడ్డాడన్నారు ఇంకొందరు. చూసినవాడెవడూ లేడు. ఊరి నోటికి ఎప్పుడూ రెండో మాటే రుచి, అదే నిలబడిపోయింది.

నాలుగు నెలలకి కంపెనీలో కొత్త కంప్యూటర్లు దిగాయి. జగ్గారావు ఫైళ్ళన్నీ కొత్త పద్ధతిలోకి మార్చే పని పరదేశికి అప్పగించారు. ఈ లైబ్రరీతోనే మార్చారు. అప్పుడది దేన్ని వదిలేస్తున్నా కిక్కురుమనేది కాదు. చోటు లేనిదాన్ని వదిలేసి తన పని తాను చేసుకుపోయి, చివర్న 'తప్పేమీ జరగలేదు' అని మాత్రం తెర మీద చూపించేది. మారిన ఫైళ్ళు పాతవాటికంటే కాస్త చిక్కి వచ్చాయి. చూశారా, ఎంత పొందిగ్గా వచ్చాయో అని పరదేశి పదిమందికీ చూపించుకుని మురిసిపోయారు. క్రేను ఒక రోజంతా తిప్పి చూశారు, ఎక్కడా ఆగలేదు. ఇంకేం, పాత ఫైళ్ళున్న టేపులు తుడిచేసి వేరే పనికి వాడుకున్నారు. తుడిచింది కూడా ఆయన చేతులే.

జగ్గారావు సంవత్సరీకాలు అయ్యేదాకా అతని భార్య కనకరత్నం గడప దాటలేదు. అది వాళ్ళ ఆచారం. అవి తీరిన మర్నాడే కూతుర్ని వెంటబెట్టుకుని ఆఫీసుకి వచ్చింది. పన్నెండేళ్ళ పిల్ల, తలెత్తి ఎవర్నీ చూడలేదు.

"అన్నయ్యగారూ, రోజూ ఇంటికొచ్చి, రేపటిది రాసేసొచ్చాను అనేవారు. ఆ రోజూ రాసే ఉంటారు కదా? బళ్ళో పిల్లలు దీన్ని ఏవేవో అంటున్నారు. నాన్న మనం వద్దనుకున్నాడా అమ్మా అని అడుగుతోంది. రేపు చేయాల్సింది రాసుకున్న మనిషి అలా చేస్తాడా? ఆ ఒక్క ముక్కా చదివి దీనికి వినిపించండి, చాలు."

పరదేశి హుషారుగానే కూర్చుని ఆ రోజు ఫైలు తెరిచారు. ప్రోగ్రాము ఉంది. అంకెలున్నాయి. పేర్లున్నాయి. గమనికల భాగం లేదు. ముందు రోజు ఫైలు తెరిచారు, అంతకు ముందుది తెరిచారు. ఎందులోనూ లేదు. అప్పుడు తెలిసింది ఆయనకి, ఫైళ్ళు ఎందుకు చిక్కాయో.

కనకరత్నానికి ఆ తెర మీది అక్షరాలు రావు. ఆయన మొహమే చూస్తూ నిలబడింది. పిల్ల మొదటిసారి తలెత్తి తెర వైపు చూసింది. ఏదో ఒకటి కల్పించి చదివేద్దామా అనుకున్నారు పరదేశి. ఎంతసేపు, ఒక్క వాక్యమేగా. రేపు ఇందుకి ఏదో కొనాలని రాసి ఉందంటే ఆ పిల్ల బతుకంతా దాన్ని పట్టుకుని బతికేది. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది జగ్గారావు రాసుకున్న రేపు. ఆయన దగ్గర లేనిది ఆయన ఎలా ఇస్తారు? నోరు రాలేదు.

మాస్టారు అక్కడికి ఆపేశారు. మృదుల ఒళ్ళోని ఉత్తరాలు జారి కింద పడ్డాయి. ఆమె వాటిని తీసుకోలేదు. ఆ పిల్లకి ఇప్పుడు తన కంటే పెద్ద వయసే ఉంటుంది కదా అని లెక్క తట్టి, మనసు కలుక్కుమంది.

"మరి ఆవిడకి ఏం చెప్పారు మాస్టారూ?" అని అడిగింది.

మాస్టారు కిటికీ వైపు తిరిగారు.

"ఇందులో ఏ రాతా లేదు, ఫైళ్ళు మార్చడంలో తప్పేమీ జరగలేదమ్మా, అన్నాను. లైబ్రరీ నాకు చెప్పినదే ఆవిడకి చెప్పాను."