గిరిజను పుట్టింటికి పంపిన కోనమ్మ తల్లి

పలమనేరు దాటి పడమటి కొండల్లోకి పోయే మట్టిదారిలో, బస్సు ఆగిన చోటి నుంచి మైలున్నర నడిస్తే పుట్టింటికోన వస్తుంది. దారికి రెండు వైపులా సీతాఫలం పొదలు, ఆపైన ముప్పైఆరు రాతిమెట్లు. మెట్లెక్కలేని వారు కుడివైపు బండిదారిన రావచ్చును. ఆలయానికి గోపురం లేదు. రెండు పెద్ద బండల నడుమ గర్భగుడి, ముందు నాలుగు కంబాల మంటపం, దిగువన ఎండాకాలంలోనూ సన్నగా పారే ముసలేరు. మంగళ, ఆదివారాల్లో భక్తులు ఎక్కువగా వస్తారు. అమ్మవారిని అందరూ పుట్టింటమ్మ అని పిలుస్తారు. కొత్తగా వచ్చినవారు తప్పకుండా అడిగే మాట ఒకటుంది: ఈమె ఎవరి పుట్టింటి అమ్మ? పెద్దలు చెప్పగా మేము విన్నంతవరకు ఆ వృత్తాంతాన్ని ఇక్కడ వ్రాస్తున్నాము.

పూర్వం ఇక్కడ అమ్మవారికి కోనమ్మ అని పేరు. ఈ సీమను కుమార తిప్పానాయడనే పాళెగాడు ఏలుతూ ఉండేవాడు. ఆయన తండ్రి తన కాలంలో అడవిలో గుంత తవ్వించి, పైన ఆకులు కప్పించి ఒక ఆడ ఏనుగు గున్నను పట్టించాడు. దానికప్పుడు నాలుగేళ్ళు. పూజారి నంజుండయ్య దానికి గిరిజ అని పేరు పెట్టి, నుదుట బొట్టు పెట్టి అమ్మవారి సేవకు అప్పగించాడు. ప్రతి మంగళవారం అమ్మవారి ఉత్సవమూర్తిని ఊరంతా ఊరేగించేది గిరిజే. ముసలేటి నుంచి అభిషేకానికి నీళ్ళకడవ తెచ్చేదీ అదే.

దానికి మావటి కదిరప్ప. గుంతలోంచి పైకి తీసిన రోజు నుంచి అతడే దాని మంచీచెడ్డా చూసేవాడు. అతని భార్య తిమ్మక్క రోజూ పొద్దున రాగిముద్దలు చేసి, నడుమ బెల్లం పెట్టి తినిపించేది. కదిరప్ప అంకుశం పట్టుకునేవాడే గాని దానితో పొడిచినట్టు ఎవరూ చూడలేదు. "రా తల్లీ" అని ఒక్క మాట అంటే చాలు, గిరిజ ఎంత దూరాన ఉన్నా చెవులు విప్పుకుని వచ్చేది. ఇలా ఇరవై ఏళ్ళు గడిచాయి.

ఒక ఏడు తిప్పానాయడికి, అమ్మవారి సేవకు మరొక ఏనుగు ఉంటే బాగుండునని తోచింది. కొలువులోని పెద్దలు మళ్ళీ గుంత తవ్విద్దామన్నారు. ఆ మాట వినగానే కదిరప్ప నాయడి కాళ్ళ మీద పడ్డాడు.

"ఆ పని వద్దు దొరా. దీన్ని పట్టిన దినం నేను ఆడనే ఉన్నాను. దీని తల్లి మూడు దినాలు గుంత గట్టున నిలబడి ఉండె. మంటలు పెట్టి తరిమితే పోయి, మళ్ళా వచ్చె. ఆ అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది."

తిప్పానాయడు మెత్తని మనసు కలవాడు. చాలాసేపు ఆలోచించి, "అయితే గుంత వద్దు. గిరిజకే ఇక్కడ సంతానం కలిగేటట్టు చూద్దాం. మన కొట్టంలో పుట్టిన పిల్లకు అడవి అంటే ఏమిటో తెలియదు. తెలియనిదాని కోసం ఏ ప్రాణి ఏడుస్తుంది? తల్లీబిడ్డా ఒకచోటనే ఉంటారు. ఎవరినీ ఎవరి నుంచీ విడదీసిన పాపం మనకు ఉండదు" అన్నాడు.

పూజారి నంజుండయ్య సంతోషించాడు. కదిరప్పకు ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు. అయినా ఇంటికి వెళ్ళేటప్పుడు అతని మనసు తేలికపడలేదు. ఎందుకో అతనికే తెలియలేదు.

ఆ వానకాలంలో గిరిజ ముంగాళ్ళకు గొలుసు వేసి అడవి అంచున కట్టివచ్చారు. కొండ మీది నుంచి మదపుటేనుగు ఒకటి దిగివచ్చింది. గిరిజ చూలు కట్టింది. ఇరవైరెండు నెలలు కదిరప్ప దాని చేత అమ్మవారిని తప్ప మరే బరువూ మోయించలేదు. తిమ్మక్క రోజుకో పండు, రోజుకో ఆకు వెదికి తెచ్చేది. ఊరి ఆడవాళ్ళు గాజులు తెచ్చి, దాని కాలికి పట్టవు గనుక కొట్టం గుంజకు కట్టి సీమంతం చేశారు.

నెలలు నిండిన నాటి తెల్లవారుజామున గిరిజ ప్రసవించింది. బొచ్చు మెరిసే ఆడగున్న. కదిరప్ప సంబరంతో వాకిట్లోకి పరుగెత్తి శంఖం ఊదించబోయాడు. ఇంతలో కొట్టంలో గొలుసు చప్పుడు, పెద్ద ఘీంకారం వినవచ్చాయి. వెనుదిరిగి చూస్తే గిరిజ తన ముందు కదులుతున్న ఆ చిన్న ప్రాణిని చూసి బెదిరిపోయి, వెనక్కి వెనక్కి లాక్కుంటున్నది. పాల కోసం దగ్గరకు వచ్చిన బిడ్డను కాలితో నెట్టివేసింది. రెండవసారి తొండంతో విసిరికొట్టబోయింది. కదిరప్ప తన ప్రాణం లెక్కచేయకుండా దూరి, గున్నను ఈడ్చుకుని బయటపడ్డాడు.

ఆవుపాలు పట్టారు. బిడ్డకు సరిపడలేదు. మేకపాలు కాచి పట్టారు. అవీ కడుపులో నిలవలేదు. రెండవనాడు నాయడి ఆజ్ఞ ప్రకారం గిరిజ నాలుగు కాళ్ళకూ గొలుసులు బిగించి, తొండాన్ని మోకులతో గుంజకు కట్టి, బిడ్డను రొమ్ము దగ్గర పట్టుకున్నారు. గున్న నాలుగు గుక్కలు తాగింది. గిరిజ మాత్రం నిలువెల్లా వణుకుతూ, కళ్ళ వెంట నీరు కారుస్తూ నిలబడింది. మూడవనాటికి గున్న లేచి నిలబడలేని స్థితికి వచ్చింది.

కదిరప్ప ఇంట్లో ఆ దినాలలోనే అతని కూతురు ఓబుళమ్మ తొలిచూలు పురిటికి వచ్చి, మగబిడ్డను కని, ఇరవై దినాల బాలింతగా ఉన్నది. తిమ్మక్క కూతురికి పథ్యం పెట్టి కొట్టానికి వచ్చేసరికి గిరిజను కట్టిన తీరు కనిపించింది. నాయడు, పూజారి అక్కడే ఉన్నారు. ఆమె వారి ముందు ఎన్నడూ నోరెత్తి మాట్లాడిన మనిషి కాదు.

"ఇదేమి దొరా? తల్లిని కట్టేసి బిడ్డకు పాలు తాపిస్తారా?"

"ఏం చేయమంటావు తిమ్మక్కా? కన్నబిడ్డనే చంపబోయింది" అన్నాడు నంజుండయ్య.

"అది చంపబోలేదు సామీ, బెదిరింది. దానికి ఏమి తెలుసు? నా కూతురు మొన్న బిడ్డను ఎత్తుకోడానికి భయపడి ఏడ్చింది. నేను పక్కన కూర్చుని చేతులెట్లా పెట్టాల్నో చూపించినాను. నాకు మా అమ్మ చూపించింది, మా మేనత్త చూపించింది. ఇది నాలుగేండ్లప్పుడు మన చేతికొచ్చె. ఒక్క పురుడైనా చూసిందా? తల్లి లేదు, అత్త లేదు, తోడబుట్టినది లేదు. దీనికి ఎవురు చెప్పినారు సామీ?"

తిప్పానాయడు, "ఇప్పుడు చేయగలిగిందేమిటి?" అని అడిగాడు.

"ముసలేటి మడుగుకు ఏనుగుల మంద రోజూ నీళ్ళకు దిగుతుంది. ఆడికి తోలుకుపోదాం. పెద్దముత్తైదువులు ఉంటారు. వాళ్ళే చూసుకుంటారు."

నంజుండయ్య ఒప్పుకోలేదు. ఇరవై ఏళ్ళుగా మనుషుల వాసన పట్టిన ఏనుగును మంద దగ్గరకు రానిస్తుందని ఎవరు చెప్పగలరు? బిడ్డను తొక్కివేస్తే? గిరిజ తిరిగి రాకపోతే అమ్మవారిని మోసేదెవరు? ఆయన అడిగినవాటిలో ఒక్కటీ కొట్టివేయదగినది కాదు. నాయడు కదిరప్ప వైపు చూశాడు. కదిరప్ప తల వంచుకుని, "నాకు తెలీదు దొరా. నన్ను అడగొద్దు. దాన్ని విడిచి ఉండే తెలివి నాకు లేదు" అన్నాడు.

"అమ్మను అడుగుదాం" అని నాయడు లేచిపోయాడు.

మధ్యాహ్న నైవేద్యం అయిన తరువాత నంజుండయ్య మంటపంలో కంబానికి ఆనుకుని కూర్చున్నాడు. మూడు దినాల అలసట వల్ల కునుకు పట్టింది. కలలో ఒక పెద్దామె మెట్లెక్కి వచ్చింది. ఎర్రంచు చీర, చంకలో సారెగంప. చెమట తుడుచుకుంటూ, "ఏమయ్యా, నా కూతురు పురిటికి రాలేదేమి? దారి చూసి చూసి నేనే వచ్చినాను" అన్నది.

"ఎవరి కూతురమ్మా?" అని ఆయన అడిగాడు.

"కొండకూతురని పేరు పెట్టింది నువ్వే కదా! తొలిచూలు బిడ్డను పుట్టింటికి పంపకుండా మీ ఊళ్ళో ఎవరైనా పురుడు పోస్తారా? మనుషులకైతే శాస్త్రం, దానికైతే గొలుసా?"

నంజుండయ్య చేతులు జోడించి, "తల్లీ, అది పోతే నిన్ను మోసేదెవరు?" అన్నాడు.

పెద్దామె నవ్వింది. "మీకు భుజాలు లేవా నాయనా?" అని, గంప ఎత్తుకుని ముసలేటి వైపు దిగిపోయింది.

నంజుండయ్య ఉలిక్కిపడి లేచాడు. ఒంటి మీది ఉత్తరీయం జారిపోయినా చూసుకోకుండా పరుగెత్తి నాయడికి సంగతి చెప్పాడు. చెబుతూ చెబుతూ చిన్నపిల్లవాడిలా ఏడ్చాడట.

ఆ సాయంత్రానికే ఎనిమిది మంది గున్నను మంచం మీద మోశారు. కదిరప్ప ముందు నడుస్తుంటే గిరిజ అతని వెనుక నడిచింది. తిమ్మక్క, ఊరి ఆడవాళ్ళు వెంట వచ్చారు. మడుగు ఒడ్డున బిడ్డను దించి, అందరూ బండల చాటుకు వెళ్ళారు. కదిరప్ప ఒక్కొక్క కాలి గొలుసే విప్పాడు. ఇరవై ఏళ్ళ రాపిడికి చీలమండ చుట్టూ వెంట్రుక మొలవని చారలు పడి ఉన్నాయి. వాటిని అరచేత్తో నిమిరి, అతడూ బండ చాటుకు వచ్చాడు.

పొద్దు కొండను ఆనుకునే వేళకు మంద దిగింది. ముందు ఎడమ చెవి చిరిగిన ముసలి ఆడ ఏనుగు. అది గిరిజను చూసి ఆగిపోయింది. చెవులు విప్పి, తొండం చాచి, గాలిని చాలాసేపు వాసన చూసింది. గిరిజ కదలలేదు. ముసలిది దగ్గరకు వచ్చి గిరిజ నోటిని, నుదుటిని, కాలి చారలను తడిమింది. ఆ తరువాత నేల మీద పడి ఉన్న గున్న వైపు తిరిగింది. కదిరప్ప కళ్ళు మూసుకున్నాడు.

"చూడు, కండ్లు తెరిచి చూడు" అన్నది తిమ్మక్క.

ముసలి ఏనుగు బిడ్డ పొట్ట కింద తొండం పెట్టి మెల్లగా లేపి నిలబెట్టింది. మరొక ఏనుగు వచ్చి గిరిజ పక్కన ఆనుకుని నిలిచింది. ఇంకొకటి రెండవ పక్కన. వెనక్కి పోవడానికి చోటు లేకుండా, బెదరడానికి కారణమూ లేకుండా, ఆ రెండూ దానికి గోడల్లా నిలబడ్డాయి. ముసలిది గున్నను నెట్టి నెట్టి గిరిజ ముంగాళ్ళ నడుమకు చేర్చింది. బిడ్డ నోటికి రొమ్ము అందింది. గిరిజ ఒక్కసారి అదిరి, తరువాత నెమ్మదించింది. కొంతసేపటికి అది తొండం దించి, బిడ్డ వీపును మొదటిసారిగా తాకింది.

బండల వెనుక ఆడవాళ్ళు కొంగులు నోట కుక్కుకుని ఏడ్చారు.

మంద కదిలే వేళ గిరిజ వెనక్కి తిరిగి చూసింది. మంద నుంచి విడివడి బండల దగ్గరకు వచ్చి, కదిరప్ప భుజం మీద తొండం వేసి నిలబడింది. అతని పెదవులు కదిలాయి. పిలిస్తే అది వస్తుందని అతనికి తెలుసు. బిడ్డ దాని వెంట వస్తుందనీ తెలుసు.

"పిలవాకు" అన్నది తిమ్మక్క చాలా మెల్లగా.

కదిరప్ప తొండాన్ని రెండు చేతులా పట్టుకుని, ముద్దు పెట్టుకుని, భుజం మీది నుంచి దించాడు. "పో తల్లీ" అన్నాడు. "పురుడు తీరినాక కూడా నీ ఇష్టమే. పో."

గిరిజ వెళ్ళింది.

మరుసటి మంగళవారం ఊరేగింపుకు పల్లకి కట్టారు. పల్లకి దండె మొదటి కొన తిప్పానాయడు భుజానికెత్తాడు, రెండవది నంజుండయ్య. ఈ సీమలో ఇకపై ఏనుగును పట్టరాదని, కట్టి ఈనించరాదని నాయడు బండ మీద చెక్కించాడు. కదిరప్పకు వేరే కొలువు ఇస్తామంటే అతడు ఒప్పుకోలేదు. తెల్లవారగానే అలవాటు కొద్దీ ఖాళీ కొట్టానికి వెళ్ళి, ఊడ్చి, కూర్చుని వచ్చేవాడు. అతని దుఃఖం తీరిందని ఎవరూ చెప్పలేదు, మేమూ వ్రాయబోము. మూడవ ఏట మాత్రం ఒకనాడు తల్లీబిడ్డలిద్దరూ మడుగు ఆవలి ఒడ్డున కనిపించారట. బిడ్డ మట్టి చల్లుకుంటూ ఆడుకుంటున్నది. అతడు చూసినంతసేపు చూసి, ఇంటికి వచ్చి, తిమ్మక్కతో "ఒళ్ళు చేసింది" అని మాత్రం చెప్పాడట. గిరిజ వెళ్ళిన నాటి నుంచి కోనమ్మ పుట్టింటమ్మ అయినది. కోన పుట్టింటికోన అయినది.

ఇతర క్షేత్రాలలో ఏనుగులను ప్రేమతో పోషించేవారున్నారు. వారిని తప్పుపట్టడానికి మాకు అధికారం లేదు. ఇక్కడి ఆచారం ఇది. కొన్నేళ్ళ కిందట ఒక భక్తుడు మొక్కు తీరిందని కొట్టంలో పుట్టిన గున్నను ఆలయానికి ఇస్తానన్నాడు. ఆలయ పెద్దలు రెండు దినాలు తర్జనభర్జన పడ్డారు. అడవి ఎరుగని పిల్లే కదా అని కొందరన్నారు. చివరకు కదిరప్ప వంశపు కోడలు, ఎనభై ఏళ్ళ గంగులమ్మ, ఆ భక్తుణ్ణి కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, "దాని తల్లి యాడుంది నాయనా?" అని అడిగింది. ఆయన తల వంచుకుని, గున్నను తల్లి దగ్గరే ఉంచుతానని చెప్పి వెళ్ళాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా.

నేటికీ తొలిచూలు స్త్రీలు పురిటికి వెళుతూ ఇక్కడ ఆగి అమ్మవారికి గాజులు సమర్పిస్తారు. సుఖప్రసవం అవుతుందని, పాలకు లోటుండదని నమ్మకం. అయితే అమ్మవారు ముందుగా పలికేది తల్లి లేనివారికి, పుట్టిల్లు మూసుకుపోయినవారికి. అటువంటి స్త్రీ ఎవరైనా, ఏ కులమైనా, ఏ ఊరైనా, మెట్ల దగ్గర నిలబడి "అమ్మా, వచ్చినాను" అంటే చాలు. ఊరి ఆడవాళ్ళు ఎదురు వచ్చి కాళ్ళు కడిగి, చీర పెట్టి, తల నిండా పూలు తురిమి, పురుడయ్యేవరకు ఎవరో ఒకరి ఇంట ఉంచుకుంటారు. పోయిన శ్రావణంలో మదనపల్లె వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఇక్కడ ఆడపిల్లను కన్నది. మూడవ నెలలో భర్త వచ్చి తీసుకువెళ్ళేటప్పుడు ఆ అమ్మాయి మెట్ల మీద కూర్చుని, బస్సు వేళ మించిపోతున్నా లేవకుండా ఏడ్చింది. గంగులమ్మ ఆమె చేతిలో ఒక బెల్లంముక్క పెట్టి, "పండక్కి రా, నేను ఉన్నా లేకున్నా" అని సాగనంపింది.